వేడి చూసే చెయ్యి

ఆ రోజు రొట్టె బ్రహ్మాండంగా వచ్చింది. అంత బాగా వచ్చినందుకే వదినకి గుండె జారిపోయింది.

ఆవిడ అసలు పేరుతో ఆ వీధిలో ఎవరికీ పనిలేదు. బేకరీలో పిండి కలిపే బక్కోడు వదినా అని పిలుస్తాడు కాబట్టి రొట్టె కొనడానికొచ్చేవాళ్ళందరికీ ఆవిడ వదినే, తనకంటే చాలా పెద్దదైన హెడ్మాస్టరమ్మకి కూడా. బక్కోడు బక్కగా ఉన్నది పనిలో చేరిన కొత్తలోనే. ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి, గుమ్మంలో నిలబడితే గాలి కూడా పక్కకి తప్పుకుని రావాలి. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. బట్టీ దగ్గర నిలబడేది వదిన భర్త. ఆయన్ని మాస్టరంటారు.

"చూశావా వదినా! మాస్టరు చెయ్యి తిరిగొచ్చేసింది!" ట్రే నెత్తిన పెట్టుకుని వస్తూ అరిచాడు బక్కోడు.

వరసలో ముందున్న హెడ్మాస్టరమ్మ రొట్టెని బొటనవేలితో నొక్కి చూసింది. ఉద్యోగం మానేసి చాలా ఏళ్ళయినా ఆవిడ దేన్నయినా పరీక్ష పెట్టి గానీ వదలదు. పైపెంకు చిటపటమంది. లోపల మెత్తగా లొంగి మళ్ళీ పైకి లేచింది.

"ఇన్నాళ్ళూ మా పళ్ళకి పరీక్ష పెట్టాడమ్మా మీ ఆయన. ఒకరోజు రాయి, ఒకరోజు బంక. పోనీలే, ఇవాళ పాసయ్యాడు." తర్వాత గొంతు తగ్గించింది. "నీ ఒంట్లో ఎలా ఉంది వదినా? ధైర్యంగా ఉండు. మా అక్కకీ అదే జబ్బు. పదేళ్ళు నిక్షేపంలా తిరిగింది."

"బాగానే ఉందండీ," అంది వదిన.

హెడ్మాస్టరమ్మ వెనకాల పాల డిపో నడిపే ఆవిడ నిలబడి ఉంది. "నాది కాగితంలో చుట్టి బల్ల మీద పెట్టమ్మా. నేనే తీసుకుంటాను," అంది. ఈమధ్య ఆవిడ వదిన చేతిలోంచి ఏదీ అందుకోవడం లేదు. జబ్బు వేళ్ళ మీంచి పాకుతుందన్నట్టు కాగితం కొసలు పట్టుకుని సంచిలో జారవిడుచుకుంటుంది.

వదిన కాగితంలో చుట్టి బల్ల మీద పెట్టింది. పెడుతూ గోడలో ఉన్న కిటికీలోంచి వెనక గదిలోకి చూసింది. మాస్టరు రొట్టెని తిరగేసి అడుగున వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. బోలుగా పలికిందేమో, పెదవి చివర నవ్వొచ్చింది. నుదురు పొడిగా ఉంది. భుజం మీద తువ్వాలు పొద్దున ఆవిడ మడతపెట్టి ఇచ్చినట్టే ఉంది, మడత నలగలేదు.

వదిన చూసింది ఆ తువ్వాలునే.

ఆయనకి ఆపరేషను అయ్యాక డాక్టరమ్మ మాత్రలు మొదలుపెట్టిన కొన్నాళ్ళకి, ఒక చలి ఉదయాన, ఆయన బట్టీకి దూరంగా పిండి బస్తాల దగ్గర నిలబడి ఉండగా మెడ నించి చెవుల దాకా ఎర్రబడ్డాడు. పై పెదవి మీద చెమట పూసలు. చొక్కా గుండీలు లాగేసుకుని, "ఈ గదిలో గాలాడదేమే?" అన్నాడు. తన చెప్పులు ఎవరో వేసుకుని పోతుంటే గుర్తుపట్టినట్టు గుర్తుపట్టింది వదిన. నెలసరి ఆగిపోయే రోజుల్లో రెండేళ్ళపాటు తనకొచ్చింది ఆ వేడే. కౌంటరులో నిలబడి కేకు పెట్టె అట్టమూతతో విసురుకుంటుంటే, ఈయనే వెనక నుంచి, "మా ఆవిడకి లోపల ఇంకో బట్టీ ఉందండోయ్, కట్టెలు అక్కర్లేదు!" అనేవాడు. వరసంతా నవ్వేది. తనూ నవ్వేది.

ఆ చలి ఉదయం నుంచే రొట్టె పాడవడం మొదలైంది.

బట్టీలో కట్టెలు కాలాక నిప్పులు బయటికి లాగి, తడి గోనె చుట్టిన కర్రతో లోపలి నేల తుడిచి, మాస్టరు మోచేతి దాకా చెయ్యి లోపల పెడతాడు. కళ్ళు మూసుకుంటాడు. ఆ కాసేపు బక్కోడు తుమ్ము కూడా ఆపుకుంటాడు. ఆయన చెయ్యి తీసి "పెట్టు" అంటేనే రొట్టెలు లోపలికి వెళ్తాయి. అనకపోతే వరస వీధి చివర దాకా పెరిగినా వెళ్ళవు. బట్టీ నేల మీద పిండి చల్లి, అది మాడే రంగుని బట్టి వేడి చెప్పేవాళ్ళని ఆయన పిల్లకాయలంటాడు. వదిన తమ్ముడు ఒకసారి వేడి కొలిచే సాధనం కొనుక్కొస్తే, "గాలి వేడి చెబుతుంది బావుంది, మరి ఇటుక వేడి ఎవడు చెబుతాడు?" అని గోడకి తగిలించాడు. దానికి రోజూ దుమ్ము దులిపేది వదినే.

తన ఒంట్లో వేడి ఎగదన్నినప్పుడు చెయ్యి పెడితే చల్లారిన బట్టీ కూడా మండుతున్నట్టు ఉండేది ఆయనకి. "పెట్టు" అనేవాడు. రొట్టె పచ్చిపిండిలా వచ్చేది. చెమట పట్టి ఒళ్ళు చల్లబడ్డాక పెడితే మండుతున్న బట్టీ సరిపడా చల్లారినట్టు తోచేది, అప్పుడూ పెట్టమనేవాడు. రొట్టె మాడేది. ఆయన కట్టెల్ని తిట్టాడు, ఇటుకల్ని తిట్టాడు, ఈస్టుని తిట్టాడు, చివరికి బక్కోణ్ణి తిట్టాడు. తన చేతిని మాత్రం వెనకా ముందూ తిప్పి చూసుకుని ఊరుకునేవాడు.

అలాంటిది వారం పదిరోజులుగా కొంచెం కొంచెం మెరుగవుతూ వచ్చి, ఇవాళ ఈ రొట్టె. ఈ పొడి తువ్వాలు.

మాస్టరు కిటికీలోంచి ఆవిడ వైపు చూసి కనుబొమలెగరేశాడు. ఎలా ఉంది నా దెబ్బ అన్నట్టు. పెళ్ళయిన కొత్తలో మొదటిసారి తన చేతి రొట్టె తెచ్చి చేతిలో పెట్టినప్పుడు కూడా సరిగ్గా అలాగే ఎగరేశాడు.

వదిన నవ్వలేకపోయింది.

మధ్యాహ్నం కొట్టు తలుపులు దగ్గరగా వేసి, బక్కోడు భోజనానికి ఇంటికి వెళ్ళాక, ఇద్దరూ వెనక గదిలో మిగిలారు. ఆవిడ పిండి జల్లిస్తోంది. ఆయన పిండి కలిపే చెక్కతొట్టి అంచులకి ఎండిపోయిన పిండిని రేకుతో గీకుతున్నాడు. ఎడమచెయ్యి పైకెత్తినప్పుడల్లా ఛాతీ మీద కుట్టు లాగుతుంది, అందుకని తొట్టినే ఒళ్ళోకి వంచుకున్నాడు.

"మాత్ర ఎప్పుడు మానేశారు?" అంది వదిన, జల్లెడ ఆపకుండా.

రేకు గీకుడు ఆగింది.

"ఎవరు చెప్పారు?"

"మీ తువ్వాలు చెప్పింది."

ఆయన మళ్ళీ గీకడం మొదలుపెట్టాడు. నిజానికి అక్కడ గీకడానికి ఏమీ మిగల్లేదు.

"రోజూ నా ముందే నీళ్ళు తాగుతున్నారు కదండీ."

"నీళ్ళు తాగుతున్నాను. మాత్ర బట్టీలో వేస్తున్నాను."

"రోజూనా?"

"రోజూ. రోజుకొకటే. డాక్టరమ్మ చెప్పిన లెక్క తప్పలేదు."

"మంచిపని చేశారు. బట్టీకి ఇక కాన్సరు రాదు."

ఆయనకి నవ్వొచ్చింది. నవ్వకూడదని మూతి బిగించాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు. జల్లెడ బస్తా మీద పెట్టేసి పిండి చేతుల్తోనే ఆయన ముందు ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది.

"అది మీకు బతుకు మాత్రండీ. డాక్టరమ్మ ఎంత నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది!"

"బతికి ఏం చెయ్యను? గల్లాపెట్టె దగ్గర కూర్చుని బిస్కెట్లు అమ్మనా? నువ్వు చూళ్ళేదా, హెడ్మాస్టరమ్మ సగం రొట్టె పట్టుకొచ్చి బల్ల మీద పెట్టి, 'ఇది తినేదా, గోడకి మెత్తేదా' అంది. వరసంతా వింది. మా గురువు దగ్గర చేరిన నాటి నుంచి నా చెయ్యి చెప్పింది తప్పని ఎవరూ అనలేదు. ఆ మాత్ర వేసుకుంటే ఈ చెయ్యి నాది కాదు. ఇది పోయాక నేనెవణ్ణి?"

"ఇంకో చేత్తో చూడండి."

"వేళాకోళమా?"

"కాదు. అసలు..." వదిన ఆగిపోయింది. రెండేళ్ళు తను మోసిన వేడి గురించి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. అప్పుడు ఎవరూ దాన్ని వేడి అనలేదు, వయసు అన్నారు. అదే ఈయనకి వస్తే ప్రపంచం తలకిందులైంది. కోపం గొంతు దాకా వచ్చింది. మింగేసింది. కోపంతో మాత్ర కడుపులోకి వెళ్ళదు.

"రేపు ఆస్పత్రికి వెళ్తున్నాం," అంది. "రొట్టెలు బక్కోడు చూసుకుంటాడు."

"వాడా! వాడు బట్టీ ముందు నిలబడితే వేడి బయటికి కూడా రాదు."

"రాకపోనీ. వెళ్తున్నాం."

ఆస్పత్రిలో ఆ జబ్బువాళ్ళు కూర్చునే హాలు పొడుగ్గా ఉంటుంది. గోడలకి లేత గులాబిరంగు వేశారు. బెంచీల మీద అందరూ ఆడవాళ్ళే. గోడ మీద బొమ్మల్లో కూడా ఆడవాళ్ళే, నవ్వుతూ, అద్దం ముందు చెయ్యి పైకెత్తి. మొదటిసారి వచ్చినప్పుడు నర్సు వదిన చెయ్యి పట్టుకుని, "భయపడకమ్మా. సార్, మీరు పక్కన కూర్చోండి," అంది. మాస్టరు పక్కన కూర్చున్నాడు. కాదు, జబ్బు నాకే అని ఆయన అనలేదు, వదినా అనలేదు. తర్వాత ప్రతిసారీ అలాగే నడిచింది. ఆపరేషను కోసం వారం కొట్టు మూసినప్పుడు ఆయన కొవ్వుగడ్డ అని చెప్పుకున్నాడు. మందుల కొట్టు అతను మాత్రల పేరు చదివి నలుగురికీ చెప్పాడు. ఆ జబ్బు ఆడవాళ్ళది, ఆ ఇంట్లో ఉన్న ఆడమనిషి ఒక్కతే. వీధి తనంతట తానే తేల్చేసింది. ఆయన చెవినపడింది. ఊరుకున్నాడు.

బెంచీ మీద వదిన పక్కన కూర్చున్నావిడ ఫైలుతో విసురుకుంటోంది. ఎముకలు కనపడే చేతులు, వేళ్ళ మీద పాత వాతలు.

"మీకూ వస్తోందా అక్కా ఈ మంట?" అని అడిగింది.

"ఊఁ," అంది వదిన, అలవాటుగా.

"మా ఆయన చలేస్తోందని ఫ్యాను ఆపుతాడు. నేను వేస్తాను. ఆయన ఆపుతాడు. మా ఇంట్లో స్విచ్చికి కూడా చెమట పడుతోంది." తనే గట్టిగా నవ్వేసింది. ఎదుటి బెంచీవాళ్ళు కూడా నవ్వారు. "పైగా మాది ఇస్త్రీ కొట్టు అక్కా. పెట్టె వేడేదో నా వేడేదో తెలిసేది కాదు. పెళ్ళికని ఇచ్చిన పట్టు చొక్కాకి ఇంత కన్నం పెట్టాను. ఆ పెళ్ళికొడుకు మొహం చూడాలి!"

వదినకి అటువైపు కూర్చున్న మాస్టరు మెడ ముందుకి సాచాడు.

"తర్వాత?" అన్నాడు.

ఇస్త్రీ ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "తర్వాతేముందన్నయ్యా, కొట్టు మానేస్తానా? వేడి తన్నుకొచ్చినప్పుడు పెట్టె పక్కన పెట్టేస్తాను. మడతలు పెట్టుకుంటాను. నాలుగు చొక్కాలు మడత పెట్టేలోగా అదే పోతుంది. పోయాక కూడా వెంటనే పట్టుకోను. ఒళ్ళు చల్లబడి ఉంటుంది కదా, అప్పుడూ మోసం చేస్తుంది. చెమట ఆరాక పట్టుకుంటాను."

"చల్లబడి ఉంటుంది," అన్నాడు మాస్టరు తనలో తను. "అవును. అందుకే మాడింది."

"ఏం మాడింది?"

"ఏం లేదమ్మా."

ఇస్త్రీ ఆవిడ వదిన చెవి దగ్గరికి వంగింది. "అన్నయ్యకి నీమీద ఎంత శ్రద్ధక్కా! మా ఆయన ఈ హాలు గుమ్మం కూడా తొక్కడు."

వదిన కింది పెదవి పళ్ళతో నొక్కిపెట్టింది. పక్కకి చూస్తే మాస్టరు చెవులు ఎర్రగా ఉన్నాయి. ఈసారి అది మాత్ర వల్ల వచ్చిన ఎరుపు కాదు.

డాక్టరమ్మ చిన్న మనిషి, పెద్ద గొంతు. మాత్ర మానేసిన సంగతి వదిన చెప్పగానే కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. తిడుతుందనుకున్నారు ఇద్దరూ. తిట్టలేదు.

"మీ గడ్డ ముక్కకి రంగు పరీక్ష చేయించాం, గుర్తుందా? ఆడ హార్మోనుని పట్టుకునే కణాలు గోధుమరంగుకి తిరుగుతాయని చెప్పాను. మీరేమన్నారో గుర్తుందా?"

"రొట్టె పైపెంకులాగానా అన్నాను."

"మీవి దాదాపు అన్నీ తిరిగాయి. చాలా బాగా కాలిన రొట్టె మీది. ఆ రంగు రాని వాళ్ళుంటారు. వాళ్ళకి ఈ మాత్ర ఇచ్చినా మంచినీళ్ళు ఇచ్చినా ఒకటే. మీకు పనిచేస్తుంది. మగవాళ్ళకి ఆ హార్మోను ఉండదనుకోకండి, కొంచెం ఉంటుంది. ఆ కొంచెమే మీ గడ్డకి తిండి. మాత్ర దాని నోరు మూస్తుంది."

"మిగతా పరీక్షలూ మంచివే అన్నారు కదండీ," అంది వదిన.

"మంచివే. హెర్‌టూ అని ఇంకో గుర్తు ఉంటుంది, అది ఉంటే గడ్డ దూకుడుగా ఉంటుంది, మీ ఆయనకి లేదు. కణాలు పెరిగే వేగం తక్కువ. చంకలో ఒక్క గ్రంథికి మాత్రం పాకింది. అందుకే ఊరుకోలేం. ఇన్ని మంచి గుర్తులు పెట్టుకుని మాత్ర బట్టీలో వెయ్యడం..." డాక్టరమ్మ మాస్టరు వైపు తిరిగింది. "మీరే చెప్పండి, అన్నీ కుదిరిన పిండిని కాల్చకుండా పారబోస్తారా?"

మాస్టరు తన చెయ్యి తిప్పి చూసుకుని, "వేసుకుంటే ఎన్నాళ్ళుంటాను?" అన్నాడు.

"ఇన్నాళ్ళని ఎవరికీ చెప్పలేను. మీలాంటి గుర్తులుండి, మాత్ర మానకుండా వేసుకున్నవాళ్ళు చాలామంది ఏళ్ళ తరబడి నా గదికొచ్చి, మీ హాల్లో బెంచీలు గట్టిగా ఉన్నాయని నాతో దెబ్బలాడుతున్నారు. మానేస్తే గడ్డ తిరిగొచ్చే అవకాశం పెరుగుతుంది. ఒక్క మాట దాచకుండా చెబుతాను. ఈ జబ్బు మగవాళ్ళకి అరుదు. మగవాళ్ళ లెక్కలు మా దగ్గర పల్చగా ఉన్నాయి. మీకు చెప్పేది చాలావరకు ఆడవాళ్ళు ఈ మాత్ర వేసుకోగా తేలిన లెక్కే."

"అంటే నా బతుకు ఆడవాళ్ళ లెక్క మీద నడుస్తోందా?"

"అవును. బయట హాల్లో కూర్చున్నారే, వాళ్ళూ వాళ్ళ ముందువాళ్ళూ. వాళ్ళు ఆ వేడి భరించి, మానకుండా వేసుకుని, బతికి చూపించారు. అందుకే అది మీ చేతికొచ్చింది. భరించలేనంతగా ఉంటే నాతో చెప్పండి, తగ్గించే దారులున్నాయి. మీ అంతట మీరు మాత్రం మానకండి."

గది బయటికి రాగానే మాస్టరు నిలబడిపోయాడు. హాల్లో ఇస్త్రీ ఆవిడ ఇంకా ఎవరితోనో నవ్వుతూ ఫైలుతో విసురుకుంటోంది. ఆయన ఆవిడనే చూశాడు, తర్వాత బెంచీల మీద అందర్నీ ఒక్కొక్కరినీ చూశాడు. బట్టీలోంచి తీసిన రొట్టెల్ని వరసపెట్టి చూసే చూపు అది, వదినకి తెలుసు. అందులో చులకన ఉండదు.

బస్సులో సగం దారి వచ్చాక అడిగాడు.

"నీకూ అలాగే ఉండేదా? అట్టమూతతో విసురుకునే రోజుల్లో?"

"ఇంకా ఎక్కువ ఉండేదేమో. ఎవరు కొలిచారు?"

"మరి రొట్టెలన్నీ ఎలా అమ్మేదానివి? చిల్లర కూడా ఒక్కరోజు తప్పివ్వలేదు."

"స్టీలు డబ్బాకి మణికట్లు ఆనించేదాన్ని. బిస్కెట్ల డబ్బా లేదూ, ఎడంపక్కది, దానికి. చల్లగా ఉంటుంది. అలా ఆనించుకుని, ముందున్న వాళ్ళతో ఏదో మాట్లాడుతూ ఉంటే దాటిపోయేది. మీరు వెనక నుంచి కట్టెలక్కర్లేని బట్టీ అని అరిచినప్పుడు మాత్రం డబ్బా తీసి విసరాలనిపించేది."

దిగాల్సిన చోటు వస్తుండగా మాస్టరు, "విసరాల్సింది," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే నీళ్ళగ్లాసు అడిగి, ఆవిడ ఎదురుగా మాత్ర నాలుక మీద పెట్టుకుని, మింగి, నోరు తెరిచి చూపించాడు. మొండికేసిన పిల్లాడికి పెట్టినట్టు దణ్ణం పెట్టింది వదిన.

"సంతోషపడకు. వేడి మళ్ళీ మొదలవడానికి కొన్నాళ్ళు పడుతుంది. ఆ లోపల నువ్వు నేర్చుకోవాలి," అన్నాడు.

"ఏం నేర్చుకోవాలి?"

"ఇంకో చేత్తో చూడమన్నావుగా. చెయ్యి ఎవరిదనుకున్నావు?"

పెళ్ళయి ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి వదిన బట్టీ ముందు నిలబడింది లేదు. వద్దని ఎవరూ అనలేదు. ఆవిడ చోటు కౌంటరు, ఆయన చోటు బట్టీ, మధ్యలో కిటికీ. ఆ రోజు చీర చెంగు దోపుకుని, గాజులు తీసి స్టీలు డబ్బాలో వేసి, జాకెట్టు చేతులు పైకి మడిచి బట్టీ నోటి ముందు నిలబడితే, తడి గోనె కర్ర పట్టుకున్న బక్కోడు నోరు వెళ్ళబెట్టాడు.

"మోచేతి దాకా పెట్టు. వేళ్ళు మడవకు," అన్నాడు మాస్టరు. "ముందు కొరికినట్టు ఉంటుంది. అది గాలి. దాన్ని పట్టించుకోకు. దాని వెనకాల మెల్లిగా అదుముతుంది చూడు..."

"మండుతోందండీ!"

"అది గాలి అన్నానా! ఆగు."

వదిన ఆగింది. చేతి మీద నూగు మాడిన వాసన వచ్చింది. కొరుకుడు కొంచెం తగ్గినట్టై, నాలుగు పక్కల నుంచి బరువుగా, సమానంగా ఏదో చేతిని పట్టుకుంది. జ్వరం వచ్చిన పిల్లని దగ్గరికి తీసుకున్నప్పటి వేడిలాంటిది.

"తెలిసింది," అంది.

"ఏం తెలిసింది? పెట్టొచ్చా?"

"పెట్టొచ్చు."

ఆయన తన చెయ్యి పెట్టి చూశాడు. "ఇంకా చాలా ఉంది. ఇప్పుడు పెడితే పైన మాడి లోపల పచ్చి. మళ్ళీ పెట్టు."

రోజూ ముందు ఆవిడ, తర్వాత ఆయన. మొదట్లో ప్రతిసారీ తప్పే. ఆయన గురువుగా మంచివాడు కాదు, ముక్కు మీదే ఉంటుంది కోపం. "ఆ చెయ్యా, అరటిదవ్వా?" అని ఒకరోజు అంటే, "మీది పెట్టి చూపించండి, పోలుస్తాను," అని ఆవిడ అంది. బక్కోడు పిండి బస్తాల చాటుకెళ్ళి నవ్వాడు. తర్వాత తర్వాత ఇద్దరి మాటా కలవడం మొదలైంది. ఒకరోజు ఆవిడ "ఇప్పుడు" అంటే ఆయన "కాదు" అన్నాడు, ఆయన మాటే చెల్లి రొట్టె కాస్త ఎండిపోయి వచ్చింది. ఆయన రొట్టె విరిచి చూసి ఏమీ అనలేదు. మర్నాడు ఆవిడ చెప్పాక తన చెయ్యి పెట్టి చూసే ముందు ఒక్క క్షణం ఆగాడు. అది చాలు వదినకి, ఆ పూటంతా నేల మీద నడవలేదు.

ఆ తర్వాత వేడి తిరిగొచ్చింది.

అప్పుడే తెల్లవారింది. కొట్టు నిండా జనం. ముందు హెడ్మాస్టరమ్మ, వెనక పాల డిపో ఆవిడ, ఆ వెనక వీధి వీధంతా. మాస్టరు బట్టీ ముందుకి వంగుతూ వంగుతూ ఆగిపోయాడు. మెడ మీంచి ఎరుపు పాకుతూ చెవుల దాకా వచ్చింది. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. కిటికీలోంచి అందరికీ కనపడుతూనే ఉంది.

"ఏమైంది మాస్టరూ?" హెడ్మాస్టరమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది. "ఒంట్లో బాగాలేదా? వదినకే బాగాలేదంటే మళ్ళీ నువ్వు కూడానా?"

కౌంటరులో వదిన నోట్లో మాట సిద్ధంగా ఉంది: ఏం లేదండీ, బట్టీ వేడి. ఇన్నాళ్ళూ చెప్పినట్టే చెప్పెయ్యొచ్చు.

మాస్టరు తువ్వాలుతో మొహం తుడుచుకుని కిటికీలోంచి బయటికి తల పెట్టాడు.

"మా ఆవిడకేం కాలేదండీ. ఆవిడ గుండ్రాయిలా ఉంది. రొమ్ము కాన్సరు వచ్చింది నాకు."

వరసలో వెనకున్నవాళ్ళు మెడలు ముందుకి సాచారు.

"మగాడికి వస్తుందా అంటారు. వస్తుంది. వచ్చింది. కోసి తీశారు. ఇదిగో ఈ చెమట దాని మాత్రదే. రోజూ వేసుకుంటున్నాను, వేసుకుంటూనే ఉంటాను. నా పరీక్షల్లో మంచి రంగు వచ్చిందని డాక్టరమ్మ చెప్పింది." ఇది చెబుతున్నప్పుడు ఆయన గొంతు, తన రొట్టె గురించి ఎవరైనా అడిగితే పలికే గొంతులా ఉంది. "ఇన్నాళ్ళూ మీరంతా ఆవిడని చూసి జాలిపడుతుంటే నేను నోరు మూసుకుని ఊరుకున్నాను. ఇక పడక్కర్లేదు."

హెడ్మాస్టరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. పాల డిపో ఆవిడ చేతిలో, రొట్టె చుట్టుకుందామని తనే ఇంటి నుంచి తెచ్చుకున్న కాగితం నలుగుతోంది.

"ఏమే," అన్నాడు మాస్టరు లోపలికి తిరుగుతూ. "చెయ్యి చూడు."

వదిన గాజులు తీసి డబ్బాలో వేసింది. చెంగు దోపుకుని కిటికీ అవతలికి, వెనక గదిలోకి వెళ్ళింది. చెయ్యి మోచేతి దాకా లోపల పెట్టి కళ్ళు మూసుకుంది. ముందు కొరికింది. పోనిచ్చింది. దాని వెనక నుంచి ఇటుక అదమడం కోసం చూసింది. వచ్చింది, కానీ ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ.

"ఇంకా లేదు," అంది.

"ఎంతసేపు?"

"మీ వేడి తగ్గేంతసేపు. కౌంటరు దగ్గరికెళ్ళి నిలబడండి. ఎడంపక్క డబ్బా."

ఆయన వెళ్ళాడు. కౌంటరు వెనక నిలబడి, ఎర్రటి మొహంతో, రెండు మణికట్లూ బిస్కెట్ల స్టీలు డబ్బాకి ఆనించాడు. బల్ల కింది నుంచి కేకు పెట్టె అట్టమూత ఒకటి తీసి హెడ్మాస్టరమ్మ చేతిలో పెట్టాడు. "కాస్త విసరండి టీచరుగారూ, నా చేతులు ఖాళీ లేవు," అన్నాడు. ఆవిడ విసిరింది. ముందు పొడిగా, తర్వాత ఒక పద్ధతిగా, మొహమంతా తగిలేట్టు.

"లోపల ఇంకో బట్టీ ఉందన్నమాట," అంది చివరికి.

"ఉంది. దానికి కట్టెలక్కర్లేదు," అన్నాడు మాస్టరు. ఈసారి ముందు నవ్వింది వదినే, వెనక గదిలోంచి. తర్వాత వరసంతా.

ఎవరూ కదల్లేదు. రొట్టె కోసం నిలబడ్డవాళ్ళు ఆ రోజు రొట్టె తయారవడం కోసం నిలబడ్డారు. పాల డిపో ఆవిడ నలిగిన కాగితాన్ని ఉండ చేసి సంచిలో వేసేసుకుంది.

మాస్టరు మెడ మీది ఎరుపు దిగింది. ఆయన చెమట ఆరే దాకా ఆగి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెనక గదిలోకి వచ్చాడు. బక్కోడు పొడుగు చెక్కపార మీద పిండిముద్దలు వరసగా పేర్చి ఉంచాడు. మాస్టరు దాన్ని కుడిచేత్తో ఎత్తి, పిడి చంకలో ఇరికించుకుని బట్టీ ముందు నిలబడ్డాడు. తను చెయ్యి పెట్టి చూడలేదు. ఆవిడ చెయ్యి మళ్ళీ లోపల ఉంది, కళ్ళు మూసే ఉన్నాయి. బక్కోడికి తుమ్ము రాబోయింది, ఆపుకున్నాడు.

వదిన చెయ్యి బయటికి తీసింది. మోచేతి దాకా ఎర్రగా, పొడిగా ఉంది.

"పెట్టండి," అంది.

మాస్టరు పెట్టాడు.